మద్యపానము – మతిమరపు – మెదడునందలి రక్తప్రసారము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



మద్యపానము తప్పని చెప్పుటకు సభ చేయనక్కఱలేదు. ఆ మాట త్రాగువాడును ఎఱుగును. తూలుచు ఇల్లు చేరినవానికి తలుపుతీయు ఇల్లాలు అంతకంటె బాగుగ ఎఱుగును. కావున నీతిబోధ నేటి విషయము కాదు. నేటి విషయము వేఱొకటి. ఏండ్ల తరబడి త్రాగినవాడు త్రాగని దినమున కూడ దారి తప్పుటయేల? ఉదయము చెప్పిన మాట మధ్యాహ్నమునకు మఱచుటయేల? ఒకప్పుడు నోటిలెక్కగా వడ్డీ కట్టినవాడు నేడు నాలుగు నోట్లు లెక్కింపలేకుండుటయేల? ఏబదియేండ్లయిన నిండనివాడు ఎనుబదియేండ్ల వృద్ధునివలె వాకిట కూర్చుండి అడిగినదే మరల మరల అడుగుటయేల?

ఇట్టివానిని చూచి ఇంటివారు "అబద్ధములాడుచున్నాడు" అందురు. ఇరుగుపొరుగువారు "సిగ్గు విడిచినాడు" అందురు. తోడబుట్టినవారు "పని తప్పించుకొనుటకు వేసిన వేషము" అందురు. వైద్యశాస్త్రము చెప్పునది మఱియొకటి. వాని మెదడునకు చేరవలసిన రక్తము తగ్గినది. ఆ రక్తము మోసికొని రావలసిన ఆహారసారమును తగ్గినది. స్వభావదోషముగా కన్పట్టునది చాలవఱకు అవయవదోషము. ఇంకొకటి కూడ శాస్త్రము చెప్పుచున్నది. డిమెన్షియా అనబడు చిత్తవైకల్యములు అనేకములు కలవు. వానిలో పెక్కింటికి వెనుకకు మరలు దారి లేదు. మద్యమువలన కలిగినదానికి మాత్రము, సకాలమున మానినచో, కొంతదూరమైనను మరలివచ్చు దారి కలదు. ఈ రెండు మాటలను నిరూపించుటయే ఈ ప్రసంగమున కుద్దేశము.

పూర్వులు ఈ విషయమును ఎఱుగనివారు కారు. ఆదిపర్వమునందలి కచుని కథ నన్నయభట్టు కాలమునుండియు ఆంధ్రులకు పరిచితమైనదే. రాక్షసులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురయందు కలిపి శుక్రాచార్యునిచేత త్రాగించిరి. మృతసంజీవనీ విద్యను ఎఱిగిన మహానుభావుడు తాను త్రాగుచున్నది తన శిష్యుని శరీరమని ఎఱుగలేకపోయెను. తెలివి వచ్చిన పిమ్మట అతడు సురాపానమును నిషేధించి కట్టడి చేసెను. ఎంత విద్య కలవానినైనను సుర మున్ముందుగా ఎఱుకయందే దెబ్బతీయునని కథాసారము. చరకసంహిత చికిత్సాస్థానమున 24వ అధ్యాయము మదాత్యయమునకే కేటాయింపబడినది. హృదయమునందుండు ఓజస్సునకు పది గుణములనియు, మద్యమునకు అందుకు విరుద్ధములగు పది గుణములనియు, ఒకదానినొకటి చెఱచుననియు అందు వివరింపబడినది. చరకుడు మనస్సునకు స్థానము హృదయమనెను, ఆధునికులు శిరస్సనిరి. అయినను హృదయమునుండి బయలుదేరు రక్తము శిరస్సునకు సరిగా చేరనిచో బుద్ధి నిలువదని తేలిన పిమ్మట, ఆ రెండును ఒకే కాలువకు రెండు కొనలని చెప్పవచ్చును.

ఆ కాలువ లెక్క మొదట చూడవలెను. మనుష్యుని మెదడు సుమారు 1,400 గ్రాముల బరువుండును. అనగా దేహపు బరువులో నూటికి రెండు పాళ్లు. విశ్రాంతిగా నున్నప్పుడు గుండె నిమిషమునకు ఇంచుమించు 5 లీటర్ల రక్తమును పంపును. అందు ముప్పాతిక లీటరు, అనగా నూటికి 15 పాళ్లు, మెదడునకే పోవును. దేహము వాడుకొను ప్రాణవాయువులో నూటికి 20 పాళ్లు మెదడే ఖర్చు చేయును. ఆయకట్టులో నూటికి రెండెకరములు గల రైతు చెఱువునీటిలో ఏడవవంతునకు పైగా వాడుకొనినట్లున్నది ఈ పద్దు. ఇంత ఖర్చు గల ఈ అవయవమునకు గాదె మాత్రము లేదు. కండలయందును కాలేయమునందును వలె దీనియందు చెప్పుకోదగిన నిలువ యుండదు. ఏ నిమిషమునకు ఆ నిమిషము సరఫరా కావలసినదే. రక్తము పూర్తిగా ఆగినచో ఇంచుమించు పది సెకండ్లలో స్పృహ తప్పును. కొలది నిమిషములు ఆగినచో కణములు చచ్చును.

ఈ రక్తమును కొనిపోవు పెద్ద ధమనులు నాలుగు. రెండు మెడ ముందుభాగమున, రెండు వెన్నెముక వెంబడి పైకి పోయి, మెదడు అడుగున ఒక వలయముగా కలిసికొనును. ఒక ధమని పూడినను మఱియొకదాని నీరు చుట్టు తిరిగి చేరుటకు ప్రకృతి చేసిన ఏర్పాటది. ఆంగ్లేయ వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో ప్రకటించిన గ్రంథమున దీనిని వర్ణించుటచే ఇది విల్లిస్ వలయమని పేరొందినది. ఆ గ్రంథమునకు చిత్రములు వ్రాసినవారిలో తరువాత లండనులోని సెయింటు పాల్ దేవాలయమును నిర్మించిన క్రిస్టఫర్ రెన్ ఒకడు.

ధమనులను చూచుట సులభము; బ్రతికియున్న మనుష్యుని తలలో ఎంత రక్తము పారుచున్నదో కొలుచుట కష్టము. 1890లో రాయ్, షెరింగ్టన్ అను శాస్త్రజ్ఞులు ఒక సూత్రమును ప్రతిపాదించిరి: మెదడులో ఏ భాగము పనిచేయునో ఆ భాగమునకు రక్తము అధికముగా వచ్చును. పైరు ఎదుగు మడికి నీరు ఎక్కువ విడుచుట వంటి దిది. ఇక మనుష్యులయందు సరియైన కొలత 1945లో సాధ్యమయ్యెను. అమెరికాలో సీమోర్ కెటీ, కార్ల్ ష్మిట్ అనువారు నైట్రస్ ఆక్సైడ్ వాయువును కొలదిగా పీల్పించి, రక్తము తలలోనికి పోవునప్పుడును తిరిగివచ్చునప్పుడును అందు ఆ వాయువెంత యున్నదో పరీక్షించి, లెక్క కట్టిరి. ప్రతి 100 గ్రాముల మెదడునకు నిమిషమునకు ఇంచుమించు 50 మిల్లీలీటర్ల రక్తము పారునని తేలినది. ఇది 20కి దిగినచో కణముల విద్యుద్వ్యాపారము నిలిచిపోవును. 10 దరిదాపులకు దిగి అక్కడనే నిలిచినచో కణములు మరణించును. పిమ్మట 1960 ప్రాంతమున స్వీడన్, డెన్మార్కు దేశములలో ఇంగ్వార్, లాసెన్ అను వైద్యులు రేడియోధార్మిక వాయువుల సాయమున మెదడు నందలి ఏ భాగమున ఎంత ప్రవాహమున్నదో వేఱువేఱుగ కొలుచుట నేర్పిరి. 1980 తరువాత టెక్నీషియము మందుతో తీయు స్పెక్ట్ చిత్రములును, 1992 మొదలుకొని సూదిమందు లేకయే ఎం.ఆర్.ఐ. యంత్రముతో రక్తప్రవాహమును చూపు పద్ధతియును వచ్చినవి.

ఈ కొలబద్దలతో త్రాగువారి మెదళ్లను పరీక్షించినప్పుడు ఏమి కనబడెనో ఇక చెప్పవలెను.

మొదట ఒక వింత. అప్పుడప్పుడే మద్యము పుచ్చుకొనినవానికి మెదడులో రక్తప్రవాహము తగ్గదు. సామాన్యముగా కొంత పెరుగును. రక్తనాళములు సడలి విప్పారుటయే దీనికి హేతువు. మొగము కందుట, చెవులు వేడెక్కుట ఎఱిగినవే గదా! త్రాగినవాడు తనకు తెలివి వికసించినదని భ్రమించుట ఈ ఘడియలోనే. కాని నీరు నిండుగా పారినంత మాత్రమున పంట పండినట్లు కాదు. ఆ సమయమున మెదడు చక్కెరను వాడుకొనుట తగ్గునని వేఱు పరీక్షలు చూపినవి. కాలువలో నీరు కలదు; మడిలో పని లేదు.

ఏండ్ల తరబడి అధికముగా త్రాగువారి విషయము దీనికి విపరీతము. వారికి త్రాగని సమయమున కూడ మెదడంతటను ప్రవాహము తగ్గియుండును. 1967లో అమెరికా వైద్యులు షిమోజ్యో, షైన్‌బర్గ్, రైన్‌మత్ అనువారు, మద్యముచే మతి చెడినవారి మెదళ్లలో రక్తప్రవాహమును ప్రాణవాయు వినియోగమును రెండును తగ్గియుండుట కొలిచి ప్రకటించిరి. 1976లో స్వీడన్ దేశపు బెర్గ్లుండ్, ఇంగ్వార్ అనువారు ప్రవాహమును భాగములవారీగా పరిశీలించి ప్రకటించిరి. తరువాతి పరిశోధనలలో పలుమార్లు కనబడినది, ఈ లోటు నుదుటి వెనుకనుండు లలాటఖండమున హెచ్చుగా నుండుట.

లలాటఖండమే ఏల ముఖ్యము? మెదడులో ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క ఉద్యోగము. చూపు వెనుకభాగమునది, వినికిడి కణతల దగ్గఱిది. నుదుటి వెనుక భాగమునకు పెద్దరికపు పని అప్పగింపబడినది. ముందు వెనుకలు ఆలోచించుట, పనికి పథకము వేయుట, నోటికి వచ్చిన మాటను ఆపుకొనుట, చేసిన తప్పును గుర్తించి దిద్దుకొనుట, "ఇక చాలు" అని తన్ను తాను నిలుపుకొనుట దీని ధర్మములు. ఇచ్చటనే విషమొకటి కలదు. మద్యము మానవలెనన్న ఏ శక్తి కావలెనో ఆ శక్తికి ఉనికిపట్టయిన చోటనే మద్యము దెబ్బతీయుచున్నది. "ఎన్ని ఒట్లు వేసినను నిలుపుకొనడు" అని నిందించువారు ఈ సంగతి గుర్తింపవలెను. ఒట్టు వేసిన నాలుకకు దోషము లేకపోవచ్చును. ఒట్టు నిలుపు భాగమునకు రక్తము చాలకపోవచ్చును.

ప్రవాహము తగ్గుటకు కారణములు పెక్కులు. మొదటిది, మద్యము రక్తపుపోటును పెంచి చిన్న రక్తనాళముల గోడలను గట్టిపఱచును, పక్షవాతమునకు దారితీయును. రెండవది, త్రాగినవాడు పడి తలకు దెబ్బలు తగిలించుకొనును. మద్యముచే రక్తము గడ్డకట్టు శక్తియు తగ్గుటచే పుఱ్ఱెలోపల నెత్తురు మెల్లమెల్లగ ఊరి మెదడును నొక్కును. మూడవది, చెడిన కాలేయము శుద్ధిచేయని విషములు తలకెక్కును. నాలుగవది, ఆహారలోపము. అయిదవది, మద్యమే నేరుగా కణములకును, వానిని కలుపు తంతువులకును హాని చేయును.

ఇచ్చట బుద్ధిమంతులొక ప్రశ్న వేయుదురు: రక్తము తగ్గుటచే మెదడు చెడినదా, మెదడు చెడుటచే రక్తము తగ్గినదా? న్యాయమైన ప్రశ్నయే. పంటబోదెలో నీరు తగ్గినప్పుడు రెండు కారణములుండవచ్చును. పైనుండి నీరు రాక మడి ఎండియుండవచ్చును. లేదా మడిలో పైరు చచ్చినందున రైతు తూము మూసియుండవచ్చును. మద్యపుజబ్బునందు రెండును జరుగునని పరిశోధకుల అభిప్రాయము. పనిచేయని భాగము రక్తమును అడుగదు. రక్తము రాని భాగము పనిచేయలేదు. ఒకదానినొకటి క్రిందికి లాగును. మేలు చేకూరు ఉపాయము కూడ ఇందులోనే కలదు. ఒకదానిని బాగుచేసినచో రెండవదియు లేచుట కవకాశము కలదు.

ఆహారలోపము మాట కొంత విస్తరింపవలసియున్నది. ఏలయన తెలుగునాటికి దానితో పాత బంధుత్వము కలదు. 1881లో జర్మను వైద్యుడు కార్ల్ వెర్నికె ముగ్గురు రోగుల వృత్తాంతమును ప్రకటించెను. వారిలో ఇరువురు పురుషులు త్రాగుబోతులు. మూడవది గంధకికామ్లము మ్రింగి పిదప ఆహారము నిలువక వాంతులతో కృశించిన కుట్టుపని చేయు యువతి. ముగ్గురికిని కనుగ్రుడ్లు తిరుగక నిలుచుట, నడక తూలుట, మతి తప్పుట కనబడెను, ముగ్గురును మరణించిరి. త్రాగనే త్రాగని స్త్రీకిని అదే జబ్బు వచ్చుటయందే రహస్యమున్నదని అప్పటి కెవ్వరును గ్రహింపలేదు. 1887 మొదలుకొని మాస్కోలో సెర్గీ కోర్సకోవ్ అను వైద్యుడు విచిత్రమైన మతిమరపును వర్ణించెను. రోగి చిన్ననాటి ముచ్చటలు చెప్పును, మర్యాదగా మాటలాడును, కాని గడియ క్రిందట వచ్చి పోయిన మనుష్యుని ఎఱుగడు. మఱచిన చోటును ఊహతో పూరించును. వారము దినములుగా మంచము దిగనివాడు "ఈ ఉదయమే సంతకు పోయి కోడెలను బేరమాడి వచ్చితిని" అనును. ఇది అబద్ధము కాదు. అబద్ధమాడువాడు నిజము ఎఱిగి దాచును. వీనికి దాచుటకు నిజమే మిగులలేదు. చిరిగిన పుటను వాని మెదడు తానే వ్రాసికొనుచున్నది.

ఈ రెండు జబ్బులకును మూలము థయమిన్ అను బి-వన్ విటమిను లోపము. ఆ సంగతి తేలుటకు బియ్యపుగింజ తోడ్పడినది. జావా ద్వీపమున 1890 తరువాత ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, మరపట్టిన తెల్లబియ్యము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, తవుడు పోని బియ్యము పెట్టగా తేఱుకొనుటయు కనుగొనెను. ఇందుకై 1929లో అతనికి నోబెల్ బహుమానము లభించెను. 1926లో యాన్సెన్, డోనాత్ అనువారు ఆ ద్రవ్యమును స్ఫటికరూపమున వేఱుచేసిరి; 1936లో అమెరికాలో రాబర్ట్ విలియమ్స్ దానిని కృత్రిమముగా తయారుచేసెను. ఈ లోపమువలన కలుగు బెరిబెరి వ్యాధి ఉత్తర సర్కారు జిల్లాలకు క్రొత్త కాదు. మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కమ్‌సన్ 1835లోనే దానిపై మద్రాసున ఒక గ్రంథము ప్రకటించెను. తవుడు పోగొట్టి, కడిగి, గంజి వార్చి తిను అన్నమున ఈ సారము మిక్కిలి తక్కువ. దంపుడు బియ్యమునందును ఉప్పుడు బియ్యమునందును కొంత నిలుచును. అట్టి అన్నమైనను సరిగా తినక, సీసాతోనే కడుపు నింపుకొనువాని గతి యేమనవలెను?

లెక్క చూడుడు. దేహమున థయమిన్ నిలువ సుమారు 30 మిల్లీగ్రాములు. దినమునకు కావలసినది ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాము. క్రొత్త జమ లేనిచో నిలువ కొలది వారములలో అడుగంటును. మద్యము జమను మూడు విధముల అడ్డగించును: తిండి తగ్గించును, ప్రేగులు ఈ సారమును పీల్చుకొనుటను చెఱచును, కాలేయము దాచుకొను శక్తిని తగ్గించును. థయమిన్ లేనిచో మెదడు చక్కెరనుండి శక్తిని తీయలేదు. ఆ శక్తి చలామణియగు నాణెమునకు ఏ.టి.పి. యని పేరు. దానిని 1929లో జర్మనీలో లోమన్ కనుగొనగా, అదే కాలమున హార్వర్డునందు ఫిస్క్‌తో కలిసి స్వతంత్రముగా కనుగొనినవాడు 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆంధ్రుడు కనుగొనిన ఆ నాణెము చెల్లని ఇల్లు ఎట్లుండునో త్రాగుబోతు మెదడును చూచి తెలిసికొనవలసి వచ్చుట దుఃఖకరము.

సారములేమిచే మున్ముందు దెబ్బతినునవి మెదడు అడుగున బఠానీగింజలంత యుండు రెండు గుండ్రని ముద్దలును, వానితో తంతువులచే కలుపబడిన థాలమస్ అను లోపలి భాగమును. క్రొత్త జ్ఞాపకమును భద్రపఱచు దారి వీనిగుండ పోవును. ఆ దారి తెగినచో చిఠ్ఠాలో వ్రాసినది ఆవర్జాకు ఎక్కదు. 1987లో అమెరికాలోని హ్యూస్టన్ నగరమున హాతా, మేయర్ మొదలగువారు ప్రకటించిన పరిశోధనలో అధికముగా త్రాగువారి మెదడు బూడిదవర్ణపు భాగములలో ప్రవాహము తగ్గుటయు, వెర్నికె-కోర్సకోవ్ జబ్బు గలవారికి లోపలి భాగములలో కూడ తగ్గుటయు కనబడెను. మద్యము మానిపించి, తగిన ఆహారమును థయమిన్‌ను ఇచ్చిన పిదప ఆ ప్రవాహము మెఱుగుపడుటయు వారు చూచిరి.

ఆశకు ఆధారము ఇదియొకటియే కాదు. 1978లో కెనడా దేశమున కార్లెన్ మొదలగువారు, మానివేసిన త్రాగుబోతుల మెదళ్లను కొంతకాలము ఎడముగా రెండుసార్లు సి.టి. స్కాన్ తీసిరి. కుంచించుకొనిన మెదడు కొందఱియందు మరల కొంత నిండుట కనబడెను. చచ్చిన కణములు బ్రతికినవని అర్థము కాదు. చావక సొమ్మసిల్లినవి లేచినవని అర్థము. ఇక కోర్సకోవ్ జబ్బు ముదిరినవారి విషయమున అమెరికా వైద్యులు విక్టర్, ఆడమ్స్, కాలిన్స్ అనువారు 1971లో ప్రకటించిన గ్రంథము ప్రకారము, ఇంచుమించు నాలుగవవంతు మంది పూర్తిగా కోలుకొనిరి; సగముమంది కొంతయో గొప్పయో కోలుకొనిరి; మిగిలిన నాలుగవవంతు ఏమాత్రమును కోలుకొనలేదు. ఈ చివరి నాలుగవవంతును చూచియే కాలయాపన తగదని గ్రహింపవలెను.

వైద్యులు ఈ జబ్బును నిర్ణయించుటకు తొందరపడరు. 1998లో ఆస్లిన్ మొదలగువారు సూచించిన నియమములలో రెండు గమనింపదగినవి. మొదటిది: పురుషుడైనచో వారమునకు 35 కొలతలకు, స్త్రీయైనచో 28 కొలతలకు తగ్గకుండ, అయిదేండ్లకు పైగా త్రాగియుండవలెను. కొలత అనగా బ్రాందివంటి ఘాటైన మద్యము సుమారు 45 మిల్లీలీటర్లు. రెండవది: కడపటిసారి త్రాగిన పిదప 60 దినములైనను గడచిన తరువాతనే మతిని పరీక్షించి చెప్పవలెను. ఏలయన ఆ రెండు మాసములలో కొంత బుద్ధి తనంతట తానే మరలివచ్చును. ఈ నియమమే గొప్ప ఉపదేశము. మానిన మఱునాడు చూచి "వీడిక బాగుపడడు" అని తీర్పుచెప్పుట అన్యాయము.

ఇది అరుదైన జబ్బని ఉపేక్షించుటకు వీలులేదు. ఫ్రాన్సు దేశపు ఆసుపత్రుల 2008 నుండి 2013 వఱకు గల లెక్కలను పరిశీలించి 2018లో ప్రకటించిన పరిశోధనలో, 65 ఏండ్లలోపుననే చిత్తవైకల్యము కలిగినవారు 57,353 మంది కనబడిరి. వారిలో నూటికి 39 మందికి ఆ జబ్బు మద్యమువలననే కలిగినదని నిర్ణయింపబడినది. ఇంకను నూటికి 18 మందికి మద్యవ్యసనము తోడుగా నుండెను. అనగా వయసు మీఱక మతి చెడినవారిలో సగమునకు పైగా మద్యముతో సంబంధము గలవారు.

ఇక ఇంటివారును గ్రామస్థులును చేయవలసిన దేమి?

త్రాగు అలవాటు గలవాడు ఉన్నట్టుండి నడక తూలినను, చూపు రెండుగ కనబడుచున్నదన్నను, మతి కలతపడినను, "నిన్నటి మత్తు దిగలేదు" అని పండుకొనబెట్టరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. వాని త్రాగుడును దాచక వైద్యునితో చెప్పవలెను. అట్టివానికి థయమిన్ సూదిమందుగా ఇత్తురు. గ్లూకోజు ఎక్కించునప్పుడు థయమిన్ ముందుగానో తోడుగానో ఇచ్చుట వైద్యవిధి. ఏలయన ఉన్న కొలది సారమును ఆ చక్కెర ఖర్చుపెట్టించును. రెండవది, నిత్యము అధికముగా త్రాగువానిని ఇంట నిర్బంధించి ఒక్కసారిగా మాన్పింపబూనరాదు. రెండు మూడు దినములలో వణకు, మూర్ఛలు, సన్నిపాతము వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. మాన్పించుట వైద్యుని కనుసన్నలలో జరుగవలెను. మూడవది, మానిన పిదప పప్పు, ఆకుకూరలు, తవుడు పోని ధాన్యము గల భోజనము వేళకు పెట్టవలెను. నాలుగవది, కల్పించి చెప్పుమాటలపై వాదమాడరాదు. వస్తువులను ఉంచిన చోటనే ఉంచి, దినచర్యను ఒకే క్రమమున నడపి, చేయవలసిన పనులు పలకపై పెద్ద అక్షరములతో వ్రాసి కంటికెదుట పెట్టినచో కొంత ఉపకరించును.

అయిదవ మాట ధర్మమునకు సంబంధించినది. మతి నిలువనివానిచేత దస్తావేజులపై వ్రేలిముద్రలు వేయించుకొనువారు లోకమున లేకపోలేదు. 1872 నాటి ఒప్పందముల చట్టము 12వ ప్రకరణము ప్రకారము, ఒడంబడిక యేమో గ్రహించి, తన మేలుకీడులను వివేకముతో నిర్ణయించుకొనగలవాడే స్వస్థచిత్తుడు. షరతులను గ్రహింపలేనంతగా త్రాగినవాడు ఆ మత్తున్నంతవఱకు ఒప్పందము చేయజాలడని అచ్చట ఉదాహరణము కూడ కలదు. రాత్రి మత్తు తెల్లవారునప్పటికి దిగును. ఈ మతిమరపు తెల్లవారినను దిగదు. అయినను మనిషి చక్కగా పంచె కట్టుకొని, నమస్కరించి, నవ్వుచు మాటలాడును. అందువలననే మోసము సులభము. ఆ భూమి వాని భార్యాబిడ్డల కూడు. సాక్షి సంతకము చేయబోవువారు ఒక ప్రశ్న వేసి చూడవలెను: "ఇందు ఏమి వ్రాసియున్నది?" చదివి వినిపించిన గడియకే వాడు చెప్పలేనిచో, కలము క్రింద పెట్టుట ధర్మము.

కడపటి మాట గ్రంథాలయమును గూర్చి. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమమున స్త్రీలు చదువుకొనిన వాచకములో సారాయివలన చెడిన సంసారపు పాఠమొకటి యుండెను. 1992లో దూబగుంట స్త్రీలు సారాయి దుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో తొలగింపబడెను. చట్టములు వచ్చుచు పోవుచునుండును. ఆ స్త్రీలు నేర్చిన అక్షరము మాత్రము వారిని విడిచిపోలేదు.

అక్షరజ్ఞానము అప్పుడు దుకాణము తలుపు మూయించినది. ఇప్పుడు మఱియొక తలుపు తెఱువవలసియున్నది. మతి చెడి వాకిట కూర్చున్నవానికిని ఆసుపత్రికిని నడుమ మూసియున్నది ఆ తలుపు. సిగ్గు, కోపము, అజ్ఞానము అను మూడు గడియలు దానికి బిగింపబడియున్నవి. వాని జబ్బునకు పేరున్నదనియు, దానికి కారణమున్నదనియు, సకాలమున చేర్చినచో కొంతయైనను మరలుట కలదనియు ఒక్క ఇల్లాలు ఈ గ్రంథాలయమున చదివి తెలిసికొనినచో, ఇరువదియైదేండ్లుగా ఇచ్చట దీపము పెట్టినవారి శ్రమ సార్థకమగును.

స్వస్తి.